మస్కట్ మీదుగా వంటింటి మాటలు

మా వంటింట్లో పప్పులో ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి నాకు మస్కట్ నుంచి తెలిసేది. పొయ్యి దగ్గర నేను, రెండు బారల దూరంలో పీట మీద మా అత్త. ఆమె ముద్ద నోట్లో పెట్టుకొని, ఆగి, పక్కనున్న ఫోన్ తీసి కొడుక్కి కలిపేది. మరాఠీలో ఏదో చెప్పి ఫోన్ నా వైపు చాపేది. అటునుంచి మా ఆయన తెలుగులో, "ఉప్పు జర ఎక్కువ పడ్డదంట," అనేవాడు. కాసిన్ని నీళ్లు పోస్తానని నేను చెబితే, ఆ మాట మళ్లీ మస్కట్ పోయి మరాఠీ అయ్యి పీట దగ్గరికి వచ్చేది. ఆయన డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఆ పూటకు ఆ పప్పే గతి.

ఒక రోజు రెండు రోజులు కాదు, ఆరేళ్లు ఇట్లాగే గడిచాయి. మొండితనంలో మేమిద్దరం ఒకరికొకరం తీసిపోము. ఇద్దరం ఎదుటి మనిషే ముందు నోరు విప్పాలని కూర్చున్నాం.

నాది మంథని. పుట్టి పెరిగిందంతా తెలుగులోనే. నన్ను ఇచ్చింది బోథ్ దగ్గర ఒక పల్లెకు. పెద్దపల్లి, కరీంనగర్, నిర్మల్ అంటూ బస్సులు మారుతూ పోతే పొద్దు గూకుతుంది. సంబంధం చూసినప్పుడు పిల్లవాడు తెలుగు బాగా మాట్లాడుతున్నాడని మా అవ్వ సంతోషించింది కానీ, ఆ ఇంట్లో ఏం మాట్లాడతారో అడగాలని ఎవరికీ తోచలేదు. ఇంట్లో మరాఠీ. మా అత్త పుట్టింది పెన్‌గంగకు అవతల. ఇవతలికి వచ్చి నలభై ఏళ్లయినా ఆమె నోట నేను విన్న తెలుగు మాటలు మూడే: ఎంత, వద్దు, పెట్టు. ఆ మూడు మాటలతోనే నలభై ఏళ్లుగా సంత చేసుకొస్తున్నదని నమ్మాను. మామ నేను ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికే లేడు. నడింట్లో గోడ మీద దండ వేసిన ఫోటోలో తలపాగాతో ఉండేవాడు.

అసలు నా నోరు ఎట్లా మూతపడిందో చెప్పాలి.

మా పుట్టింట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ షాపులో బాపు పేరు అడిగితే అవ్వ నన్ను ముందుకు తోసేది, నేను చెప్పేదాన్ని. అత్తగారింట్లో దీనికి పూర్తిగా తలకిందులు. చైత్రమాసంలో హల్దీకుంకు అని చేస్తారు. మన పసుపు కుంకుమల పేరంటమే అనుకోండి. పచ్చిమామిడి పానకం ఇస్తారు, నానబెట్టిన శనగలు ఇస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. తరువాత కొత్త కోడల్ని మధ్యలో కూర్చోబెట్టి ఉఖాణా చెప్పమంటారు. ఉఖాణా అంటే రెండు వరుసల చిన్న పాటలాంటిది. అందులో ఎక్కడో ఒకచోట మొగుడి పేరు ఇమడ్చాలి. అది చెప్పేదాకా లేవనివ్వరు.

నా పెళ్లయి నెల తిరగకముందే చైత్రం వచ్చింది. పేరంటం మా ఇంట్లోనే, నా కోసమే. ముందురోజు మా అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని తన ఉఖాణా, తన పెళ్లప్పుడు చెప్పినది, నాకు నేర్పింది. ఒక్కో మాటా విడదీసి నాలుగైదు సార్లు చెప్పింది. నేను పెళ్లిపత్రిక వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మధ్యలో ఆగి, వేలితో ఒకచోట చూపించి, ఏదో గట్టిగా చెప్పింది కూడా. నేను అర్థమైనట్టు తల ఊపాను. తెలియని భాషలో ఎవరు ఏం చెప్పినా తల ఊపడం నాకు అప్పటికే అలవాటైపోయింది. రాసుకున్న వరుసలో పేరులాంటిదొకటి వినిపించింది. అది మా ఆయన్ని ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు కాబోలనుకున్నాను.

మర్నాడు ఇరవై మంది ఆడవాళ్ల ముందు, తలొంచుకొని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోయారు. తరువాత నవ్వారు చూడండి, ఇల్లు ఎగిరిపోయింది. ఒకామె చేతిలో పానకం గ్లాసు ఒలకబోసుకుంది. నాకేమీ అర్థం కాలేదు. వంటింటి గడప దగ్గర కూర్చున్న మా అత్త మాత్రం నవ్వలేదు. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

పత్తి అమ్మడానికి పోయిన మా ఆయన ఇంటికి వచ్చాక విని, కడుపు పట్టుకొని నవ్వుతూ చెప్పాడు. ఆ పేరు ఆయనది కాదు, వాళ్ల నాయనది. ఫోటో కింద రాసిన పేరు కాదు, ఇంట్లో పిలుచుకునే పేరు. అత్త మచ్చుకు తన ఉఖాణా చెప్పి, ఆ పేరున్న చోట నా మొగుడి పేరు పెట్టుకోమని వేలితో చూపించింది. నేను పేరుతో సహా మొత్తం బట్టీ పట్టి, ఊరందరి ముందు చచ్చిపోయిన మామని నా మొగుడిగా చెప్పుకున్నాను.

"అమ్మకు కోపమొచ్చినట్టుంది. రెండు రోజులైతే పోతదిలే," అన్నాడు ఆయన. రెండు నెలలు కాకముందే ఆయన మస్కట్ పోయాడు. ఆ కోపం పోయిందో లేదో చూసే తీరిక ఆయనకు లేకపోయింది, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు నుంచి మరాఠీలో ఒక్క మాట పలికితే ఒట్టు.

పలకలేదు కానీ నేర్చుకోలేదని కాదు. రెండు వందల పేజీల నోటుపుస్తకం పెట్టాను. వంటింటి మాటలు ఒకవైపు, పొలం మాటలు ఒకవైపు, చుట్టరికాలు చివర. మా ఆయన్ని ఫోన్లో అడిగి అర్థాలు రాసుకునేదాన్ని. మొదటి ఏడాది చెవిలో రొద తప్ప ఏమీ పడలేదు. రెండో ఏడాది ఒకరోజు అత్త పక్కింటామెతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంటే, మొత్తం అర్థమైపోయిందని నాకు హఠాత్తుగా తెలిసింది. ఎప్పుడు వచ్చిందో తెలియదు, వచ్చేసింది. చెవి దాటి నోటిదాకా మాత్రం రాలేదు. మాట గొంతుదాకా వచ్చి, ఆ నవ్వు గుర్తొచ్చి, అక్కడే కూర్చునేది.

నాకు అర్థమవుతుందని ఎవరికీ చెప్పలేదు. అది నా దొంగతనం. నా మీద చాడీలు చెబుతుందేమోనని చెవులు రిక్కించి వినేదాన్ని. వానల గురించి, సోయా తెగులు గురించి, ఎవరింటి దూడ గురించో మాట్లాడేది తప్ప నా ఊసెత్తేది కాదు. ఎంత గడుసుది, నా ముందర జాగ్రత్త పడుతోంది అనుకున్నాను. మనిషి మీద ఒకసారి తప్పుడు అభిప్రాయం పడ్డాక ఆమె మంచితనం కూడా గడుసుతనంగానే కనబడుతుంది.

ఈలోపు మస్కట్‌లో మా ఆయన మలయాళం నేర్చాడు, ఏడెనిమిది నెలల్లో. గదిలో నలుగురు మలయాళీలట. ఎట్లా వచ్చిందని అడిగితే, "తప్పు మాట్లాడితే నవ్వుతరు. నవ్వినంక ఎట్లనాల్నో చెప్తరు. గట్లనే వచ్చింది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వడం ఒక్కటే జరిగి, చెప్పడం జరగని చోట నేనున్నానని ఆయనకేం తెలుసు!

ఇక మా పాప, ఆయన మస్కట్ పోయాక పుట్టింది. అది నోటుపుస్తకం పెట్టలేదు, అర్థాలు అడగలేదు. రెండేళ్లు నిండేసరికి నాతో తెలుగు, వాళ్ల ఆజీతో, అంటే నాయనమ్మతో, మరాఠీ. నిర్మల్‌లో బస్సు దిగినప్పుడు కొయ్య కూరగాయల బొమ్మల డబ్బా ఒకటి కొనిచ్చాను. వాకిట్లో దుకాణం పెట్టేది. ఒకే వంకాయను నాకు తెలుగులో అమ్మి, వెనక్కి లాక్కొని, వాళ్ల ఆజీకి మరాఠీలో అమ్మేది. తప్పు పలికితే పక్కింటి పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఇదీ వాళ్లతోపాటే నవ్వి, మళ్లీ అనేది. మూడోసారికి కుదిరేది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ, సొంత బిడ్డ మీద అసూయపడ్డాను. ఒప్పుకోవడానికి సిగ్గే, కానీ పడ్డాను.

పాప లెక్కలో అవి రెండు భాషలు కావు. ఒకటి అమ్మ మాట, ఒకటి ఆజీ మాట. ఎవరి మాట వాళ్లది, ఎవరి చెప్పులు వాళ్లవైనట్టు. ఒకసారి స్నానం చేయిస్తూ, ఎవరూ లేరని, దాని చెవిలో ఒక మరాఠీ మాట అన్నాను. తడి చేత్తో నా నోరు మూసేసి, "గది ఆజీ మాట. నీది గాదు," అంది. నా పని అయిపోయిందనుకున్నాను. కన్నబిడ్డే నన్ను గీత అవతల నిలబెట్టింది.

పాపకు ఐదేళ్లు నిండాయి, జూన్‌లో బడిలో వెయ్యాలి. అప్పుడు నాకు ఆలోచన వచ్చింది: మంథనిలో వేద్దామని. అవ్వ దగ్గర ఉండొచ్చు, తెలుగులో కడుపునిండా మాట్లాడుకోవచ్చు. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. ముందు అవ్వకు చెప్పాను, ఫోన్లో, వసారాలో కూర్చొని. పక్కనే మా అత్త చింతపండు గింజలు తీస్తోంది. గొంతు తగ్గించాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

"ఈడ నాతోని మాట్లాడే దిక్కు లేదవ్వా," అన్నాను. "గా ముసల్దానికి ఆరేండ్ల సంది నా మీద కోపం పోలే. పోరిని తోలుకొని ఆడికే వస్త. బడి తెరిచేలోపు వస్త."

అత్త చింతగింజలు తీస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే పాప అడిగింది, మనం మంథనికి పోయి అక్కడే ఉంటామా అని. ఎవరు చెప్పారే అన్నాను. ఆజీ చెప్పిందని, చెప్పి ఏడ్చిందని అంది.

నా చేతిలో జడపాయలు అట్లాగే ఉండిపోయాయి. ఆ మాట నేను మా అవ్వకు తప్ప ప్రపంచంలో ఎవరికీ చెప్పలేదు. తెలుగులో చెప్పాను. వసారాలో అత్త తప్ప మరో మనిషి లేదు.

ముందు కోపమొచ్చింది. నాకెప్పుడూ ముందు కోపమే వస్తుంది. అన్నీ తెలిసి, ఏమీ తెలియనట్టు ఆరేళ్లు కూర్చుంటుందా అనుకున్నాను. జడ పూర్తయ్యేలోపే ఆ కోపం నా వైపు తిరిగింది. నేను చేసిందేమిటి మరి? ఆమె మరాఠీ నేను దొంగచాటుగా వినలేదా? కాకపోతే నేను విన్నవన్నీ మోకాళ్లు, దూడలు. ఆమె విన్నవి? రోజూ సాయంత్రం అదే వసారాలో, ఆమె పక్కనే కూర్చొని, మా అవ్వకు నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. పిసినారి అన్నాను. రాయి అన్నాను. పాప పుట్టినప్పుడు ఆమె నా కాళ్లకు నూనె రాస్తుంటే, ఆ చేతులు మొరటుగా ఉన్నాయని అన్నాను. అవన్నీ వింటూ నూనె రాసిందామె.

రెండు రోజులు ఆమె మొహం చూడలేకపోయాను. మూడోరోజు పొద్దున వంటింట్లో ఆమె పచ్చిమామిడి తురుముతోంది. మళ్లీ చైత్రం. పక్కింట్లో హల్దీకుంకు ఉంది, పానకం మా ఇంట్లో చేస్తామని ఒప్పుకున్నట్టుంది. ఏటా ఏదో ఒక తలనొప్పి చెప్పి తప్పించుకునేదాన్ని, ఆ ఏడు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ బెల్లం కొడుతున్నాను. అప్పుడు ఆమె తెలుగులో మాట్లాడింది.

"మంథని పోతవా," అంది. అడిగినట్టు లేదు.

నేను తలెత్తలేదు. తురుముడు ఆగింది.

"పోతే పో. వద్దు అనలే నేను." ఒక్కో మాటా వెతుక్కొని, చూసుకొని, పక్కన పెడుతున్నట్టు మాట్లాడింది. "గా మాట ఒక్కసారి చెప్పి పో."

ఏ మాట అని అడిగాను.

"గప్పుడు చెప్పినవ్ కద. అందరి ముంగట. ఆయన పేరు."

ఆ రోజు అవమానం మొత్తం మళ్లీ ఒంటిమీదికి వచ్చింది. తెలియక చేశానని, దానికే కదా మీకు కోపమని ఏదో గొణిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కోపం గాదు. లోపలికి పోయి ఏడ్సిన. గా పేరు ఇప్పుడు ఎవ్వరు అనరు. కొడుకు నాయన అంటడు. ఊరోళ్లు పటేల్ అనేటోళ్లు. ఇంట్ల గా పేరుతోని పిలిచింది వాళ్లవ్వ, ఆమె పోయింది. పేరంటంల నేను అనద్దు." మొగుడు పోయినవాళ్లు ఉఖాణా చెప్పరు. ఆ సంగతి నాకు తెలుసు, నోటుపుస్తకంలో కూడా రాసుకున్నాను. "నువ్వొక్కదానివి అన్నవ్. మల్ల అంటవని చూసిన. ప్రతి ఏడు చూసిన. నువ్వు రాలే."

ఆరేళ్లు. ఏడాదికోసారి ఆమె నా ఉఖాణా కోసం ఎదురుచూసిందని, నేను తలనొప్పి అని గదిలో పడుకున్నానని అర్థమయ్యేసరికి బెల్లం కొట్టే రాయి పక్కన పెట్టేశాను. ఒక్క మాట అడగకూడదా అత్తమ్మా అన్నాను. ఇంత తెలుగు వచ్చి కూడా ఎందుకు అడగలేదన్నాను.

"నవ్వినవ్," అంది.

నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి వారంలో, తిన్నావా అని ఆమె నన్ను తెలుగులో అడిగిందట. ఏదో తప్పు పలికిందట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వానట. ఎంత తలచుకున్నా నాకు గుర్తు రాలేదు. నవ్వే ఉంటాను. నన్ను నేను ఎరగనా? నా మీద ఇరవై మంది నవ్విన నవ్వు ఆరేళ్లు మోశాను, నేను ఒకరి మీద నవ్విన నవ్వు ఆ పూటకే మరిచిపోయాను.

బెల్లం చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆ ఉఖాణా అర్థం నాకు ఎప్పుడో తెలిసింది: నది దాటి వచ్చాను, చీర అంచు తడిసింది, అంచు ఆరేలోపే ఫలానా ఆయన ఇల్లు నా ఇల్లయింది. పెళ్లిపత్రిక చూడాల్సిన పని లేకపోయింది. మరాఠీలోనే, మామ పేరుతోనే చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సగంలో ఉండగా పాప పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, అప్పటిలాగే, నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "గది ఆజీ మాట," అంది.

మా అత్త ఆ చేతిని పట్టుకొని నా నోటి మీది నుంచి తీసేసింది.

"చెప్పనీ," అంది, తెలుగులో.

పాప ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. ఇద్దరం చెప్పులు మార్చి వేసుకున్నట్టు అనిపించిందేమో, పడీ పడీ నవ్వింది. ఈసారి మాకు ఆ నవ్వు తగల్లేదు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. ఆమె కళ్లు మూసుకొని విన్నది.

ఆ మధ్యాహ్నమే వసారాలో కూర్చొని అవ్వకు ఫోన్ చేశాను, రావట్లేదని. పక్కన కూర్చున్న మా అత్త విననట్టు నటించలేదు. మధ్యలో ఒకసారి ఫోన్ అడిగి తీసుకొని మా అవ్వతో తెలుగులో, "బాగున్నవా వదినా," అంది. అటువైపు మా అవ్వ తడబడి, బాగున్నానని మూడుసార్లు చెప్పిందట. నేను చెప్పిన పిసినారి, రాయి అన్నీ ఆమెకు కూడా ఒక్కసారే గుర్తొచ్చి ఉంటాయి.

పాపను బోథ్ బళ్లోనే వేశాం. నా మరాఠీ ఇంకా కుంటుతూనే నడుస్తోంది. ఆమె తెలుగూ అంతే. తప్పు పలికితే ఇద్దరం నవ్వుకుంటాం, నవ్వాక ఎట్లా అనాలో చెప్పుకుంటాం. తననెవరూ ఏమీ అడగట్లేదని, ఇంట్లో పప్పు ఎట్లా ఉందో కూడా తెలియట్లేదని మస్కట్ నుంచి మా ఆయన అలిగాడు.

ఈ ఏడు చైత్రంలో హల్దీకుంకు మళ్లీ మా ఇంట్లోనే చేశాం. అందరి ముందు మా ఆయన పేరుతో ఉఖాణా చెప్పాను, ఎవరూ నవ్వలేదు. అందరూ వెళ్లిపోయాక గ్లాసులు సర్దుతుంటే మా అత్త వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. నేను గ్లాసులు కింద పెట్టి ఆమె ఉఖాణా ఎత్తుకున్నాను.

"పేరు ముంగట జర ఆగు," అంది.

ఆగాను. తరువాత ఆ పేరు చెప్పాను.